ఎముక ఎండు కర్ర కాదు



పద్దెనిమిది యేండ్ల క్రిందటి మాట. నేను అప్పుడే చదువు ముగించుకొని ఒక పల్లె సంఘమునకు కాపరిగా వచ్చాను. వేసవి సెలవుల్లో మా సంఘములోని తొమ్మిదేళ్ళ పిల్లవాడు చింతచిగురు కోయడానికి చెట్టెక్కి జారిపడ్డాడు. కుడి మోచేయి వాచిపోయింది. ఇంటివారు వెంటనే ప్రక్క ఊళ్ళో కట్టు కట్టే ఆయన దగ్గరకు తీసుకుపోయారు. ఆయన ఆకు పసరు పూసి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో గట్టిగా బిగించి పంపించాడు.

ఆ సాయంకాలము నేను చూడబోయాను. పిల్లవాడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. "అయ్యగారూ, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. కట్టు విప్పమని మా అమ్మతో చెప్పండి" అన్నాడు. నేను వాడి తల నిమిరి, "ఓర్చుకోరా నాయనా, కట్టు బిగువుగా ఉంటేనే గదా ఎముక అతికేది!" అన్నాను. అంతవరకు కట్టు విప్పుదామా వద్దా అని తటపటాయిస్తున్న తల్లి, నా మాట విని ఊరుకున్నది.

మూడవ రోజుకు వేళ్ళు నల్లబడ్డాయి. పట్నములోని ఆసుపత్రికి చేరేసరికి డాక్టర్లు చేయగలిగినది ఒక్కటే మిగిలింది. మోచేతి క్రింద చెయ్యి తీసివేశారు.

కట్టు కట్టినది నేను కాకపోవచ్చు. కాని విప్పవద్దన్న మాట నాది. ఆ రోజున నేను ఎముకను విరిగిన కర్రగా తలచాను. రెండు ముక్కలు దగ్గర చేర్చి త్రాటితో బిగిస్తే చాలుననుకున్నాను. ఆ తరువాత ఈ సంగతి గూర్చి దొరికిన పుస్తకమెల్ల చదివాను, డాక్టర్లను అడిగి తెలుసుకున్నాను. తెలుసుకున్నది మీ ఇంటిలో ఒక్క బిడ్డకైనా ఉపయోగపడాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మనకు తెలిసిన ఎముక, మనలో ఉన్న ఎముక

మనము ఎముకను ఎక్కడ చూస్తాము? కూర వండుకున్న పళ్ళెములో, పశువుల కళేబరములు పడవేసే దిబ్బ మీద, సమాధుల తోటలో క్రొత్త గుంట త్రవ్వేటప్పుడు. అంతటా ఎండి, తెల్లబడి, రాయివలె ఉంటుంది. అందుచేత ఎముక అనగా ప్రాణము లేని వస్తువని మన మనస్సులో నాటుకుపోయింది.

మన శరీరములో ఉన్న ఎముక అటువంటిది కాదు. అది తడిగా, వెచ్చగా ఉంటుంది. దానిలో రక్తనాళములు పారుతుంటాయి. దాని పైపొరలో నొప్పిని తెలిపే నరములున్నాయి. కోస్తే రక్తము కారుతుంది. అంతేకాదు, రక్తము తయారయ్యే చోటే ఎముక. పెద్ద ఎముకల చివరలలోను, తుంటి, రొమ్ము, వెన్ను ఎముకలలోను ఉన్న ఎర్రని మూలుగ సెకనుకు దాదాపు 20 లక్షల ఎర్ర రక్తకణములను పుట్టిస్తున్నది. మీరు ఈ వాక్యము చదివే లోపల ఎన్ని లక్షల కణములు పుట్టాయో లెక్కవేయండి!

ఎముక దేనితో చేయబడింది? మన పెద్దలు మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో గడ్డి కలిపి తొక్కేవారు. వట్టి మట్టి అయితే బీటలు వారుతుంది, వట్టి గడ్డి అయితే నిలువదు. ఎముక కూడా అలాగే రెండింటి కలయిక. మాంసకృత్తులతో అల్లిన సన్నని నారలు గడ్డి వంటివి. ఆ నారల మీద పేరుకున్న సున్నము, భాస్వరముల గట్టిదనము మట్టి వంటిది. దీనిని మీ పిల్లలకు ఇంటిలోనే చూపించవచ్చును. కోడి కాలి ఎముకను వెనిగర్‌లో కొన్ని రోజులు నానబెట్టండి. సున్నము కరిగిపోయి, ఎముక రబ్బరువలె వంగుతుంది. మరొక ఎముకను నిప్పులలో బాగా కాల్చండి. నారలు కాలిపోయి, వ్రేలితో నొక్కితే పొడి అవుతుంది. రెండూ ఉంటేనే బలము.

పసిబిడ్డకే ఎక్కువ ఎముకలు

పెద్దవారి శరీరములో 206 ఎముకలుంటాయి. పుట్టిన బిడ్డకు ఎన్ని? తక్కువ అనుకుంటాము గాని, ఇంచుమించు 270 నుండి 300 వరకు ఉంటాయి. పెరిగే కొద్దీ చాలా ఎముకలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. 206లో సగము కంటె ఎక్కువ, అనగా 106 ఎముకలు, మన రెండు చేతులలోను రెండు పాదములలోనే ఉన్నాయి. చేతికి 27, పాదమునకు 26. అన్నిటికంటె పొడవైనది తొడ ఎముక. అన్నిటికంటె చిన్నది చెవిలోపల ఉన్నది, సుమారు 3 మిల్లీమీటర్లే. అది కదలకపోతే మనకు మాట సరిగా వినబడదు.

పసిబిడ్డ నడినెత్తిన మెత్తగా కొట్టుకుంటూ ఉండే మాడును తల్లులందరు ఎరుగుదురు. తల ఎముకలు అప్పటికింకా కలియలేదు. కాన్పు సమయమున తల ఇరుకు దారిలో ఒదిగి రావడానికి, తరువాత మెదడు పెరగడానికి ఆ సందు అవసరము. ఏడాదిన్నర ప్రాయమునకు సాధారణముగా మూసుకుంటుంది. బిడ్డకు విరేచనములై మాడు లోతుగా గుంట పడితే, ఒంటిలో నీరు ప్రమాదకరముగా తగ్గిపోయిందని గుర్తు. ఓ.ఆర్.ఎస్. పట్టిస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఎముక ఎక్కడ పెరుగుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు కనుగొన్నవారిలో ఒకరు ఇంగ్లాండు దేశములో టెడింగ్టన్ అనే గ్రామమునకు పాదిరి. ఆయన పేరు స్టీఫెన్ హేల్స్. 1727లో అచ్చయిన తన పుస్తకములో ఆయన ఒక పరీక్షను వివరించాడు. పెరుగుతున్న కోడిపిల్ల కాలి ఎముకకు అరంగుళము ఎడముగా రెండు చిన్న రంధ్రములు పొడిచాడు. రెండు నెలల తరువాత చూస్తే ఎముక అంగుళము పొడవు పెరిగింది. కాని రెండు గుర్తుల మధ్య దూరము అదే అరంగుళము! ఎముక నడుమ సాగలేదు, చివరల దగ్గరే పెరిగిందని తేలింది.

మరి కొద్ది యేండ్లకు, 1736లో, లండనులో జాన్ బెల్చియర్ అనే శస్త్రవైద్యుడు గుడ్డలకు రంగులద్దే ఒక వ్యాపారి ఇంటిలో భోజనము చేస్తూ, పంది మాంసములోని ఎముకలు ఎర్రగా ఉండడము చూశాడు. ఆ పందులు మంజిష్ఠ జాతి రంగు వేరు కలిసిన తవుడు తిన్నాయని తెలిసింది. తిన్న ఆహారములోని రంగు ఎముకలోనికి చేరిందంటే, ఎముక ఎదుగుతూ ఆహారమును తీసుకుంటున్నదనియే గదా!

నేడు మనకు తెలిసినదేమనగా, పిల్లల కాళ్ళు చేతుల పొడవాటి ఎముకల చివర మెత్తని ఎదుగుదల పొర ఒకటి ఉంటుంది. చెవి దొప్పలో చేతికి తగిలే మృదులాస్థి వంటిదే అది. దానిలోని కణములు వరుసగా పెరిగి, వెనుక నుండి ఎముకగా గట్టిపడుతూ వస్తాయి. యౌవనము వచ్చి కొన్ని యేండ్లు గడిచిన తరువాత ఈ పొర కూడా ఎముకగా మారిపోతుంది. ఆడపిల్లలకు ముందు, మగపిల్లలకు ఒకటి రెండేండ్లు ఆలస్యముగా. అప్పటితో ఎత్తు పెరగడము ఆగిపోతుంది.

ఇది ఎందుకు తెలిసి ఉండాలి? పిల్లలకు మోకాలు, మోచేయి, మణికట్టు దగ్గర దెబ్బ తగిలితే ఈ పొర దెబ్బ తినవచ్చును. ఆ సమయములో లాగి, త్రిప్పి, మర్దన చేస్తే ఆ చెయ్యి లేక కాలు వంకరగానో పొట్టిగానో పెరగవచ్చు. పెద్దవారికి చేసే మోటు వైద్యము పిల్లలకు మరింత ప్రమాదము.

రాత్రింబవళ్ళు సాగే మరమ్మతు

ఎత్తు పెరగడము ఆగినా ఎముకలో పని ఆగదు. ఒక రకము కణములు పాతబడిన ఎముకను కొంచెము కొంచెముగా తొలిచివేస్తుంటాయి. మరొక రకము కణములు వెనుకనే వచ్చి క్రొత్త ఎముకను నింపుతుంటాయి. పెద్దవారిలో ఏడాదికి సుమారు పదవ వంతు ఎముక ఇలా క్రొత్తదవుతుంది. పదేండ్ల క్రిందట మీలో ఉన్న ఎముక చాలా వరకు ఈనాడు మీలో లేదు!

ఎక్కడ బరువు పడితే అక్కడ ఎముక గట్టిపడుతుంది. ఈ సంగతిని జర్మనీ దేశపు వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో వివరముగా ప్రకటించాడు. బరువు పడనప్పుడు ఎముక పలచబడుతుంది. అంతరిక్షములో నెలల తరబడి తేలుతూ ఉండే వ్యోమగాములకు తుంటి ఎముక నెలకు నూటికి ఒక పాలు, ఒకటిన్నర పాలు తగ్గిపోతుంది. మంచము పట్టినవారికీ అంతే. కనుక వైద్యుడు లేవవచ్చునన్న తరువాత రోగిని మెల్లగా నడిపించండి. పిల్లలను ఆడుకోనివ్వండి. పరుగులు, గెంతులు, త్రాడాట, కబడ్డీ ఇవన్నీ ఎముకకు ఎరువులే.

ఎముక మన శరీరమునకు గాదె వంటిది కూడా. పెద్దవారి శరీరములో ఇంచుమించు ఒక కిలో కాల్షియము ఉంటే, అందులో నూటికి 99 పాళ్ళు ఎముకలలోను పళ్ళలోను ఉన్నది. మిగిలిన ఒక్క పాలుతోనే గుండె కొట్టుకోవాలి, కండరములు కదలాలి. ఆహారములో కాల్షియము తక్కువైతే శరీరము గుండెను ఆపుకోదు. గాదె విప్పి ఎముకలో నుండి తీసుకుంటుంది. నొప్పి ఉండదు, తెలియదు.

ఈ గాదె నిండే కాలము బాల్యము, యౌవనము. ముప్పై యేండ్లలోపే అది నిండాలి. తరువాత ఖర్చే ఎక్కువ. స్త్రీలకు నెలసరి ఆగిపోయిన తరువాత కొన్నేండ్లు ఈ ఖర్చు మరీ వేగముగా జరుగుతుంది. మన నాయనమ్మలు పొట్టిబడి, నడుము వంగిపోవడము చూస్తాము గదా. చాలామందిలో అది పలచబడిన వెన్నుపూసలు బరువుకు అణగిపోవడము వలననే. నీళ్ళ దొడ్డిలో కాలు జారినంత మాత్రాన తుంటి విరిగేది కూడా ఇందుకే.

మన పళ్ళెములో ఏమున్నది?

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియము కావాలి. పాలిచ్చే తల్లికి 1200. మనము కడుపునిండా తినే బియ్యములో నూరు గ్రాములకు పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ మాత్రమే ఉన్నది. అదే నూరు గ్రాముల రాగులలో సుమారు 350. అంబలి, సంకటి పేదవారి తిండి అని ఎంతమంది మానివేశారో! ఆవు పాలు, పెరుగులో నూరు గ్రాములకు 120 వరకు ఉంటుంది. తోటకూర, మునగాకు, నువ్వులు, ముల్లుతో నమిలి తినే చిన్న చేపలు చవకగా దొరికే మంచి ఆధారములు. పప్పు, గ్రుడ్డు ఎముకలోని నారలకు కావాలి.

తిన్న కాల్షియము ఒంటబట్టడానికి విటమిన్ డి అవసరము. ఎండ తగిలినప్పుడు చర్మమే దానిని తయారు చేస్తుంది. మబ్బు లేని రోజున, పదకొండు నుండి రెండు గంటల మధ్య, ముఖము చేతులకు కొద్ది నిమిషములు ఎండ తగలనిస్తే మంచిది. ఇది బొత్తిగా కరువైన పిల్లలకు కాళ్ళు దొడ్డివడి రికెట్స్ వస్తుంది. పొగ త్రాగుట, సారాయి ఎముకకు కూడా శత్రువులే.

తల్లిదండ్రులారా, ఒక్క మాట అడుగుతాను. మీ ఇంటిలో పాలు ఎవరు త్రాగుతున్నారు? కొడుకుకు గ్లాసు నిండా పోసి, కూతురికి టీ నీళ్ళు ఇచ్చే ఇండ్లను నేను చూశాను. అందరూ తిన్న తరువాత మిగిలినది తినే కోడళ్ళనూ చూశాను. రేపు గర్భములో మరొక బిడ్డ ఎముకలు కట్టవలసినది ఆ కూతురే. తన గాదె నిండక ముందే పెండ్లి చేసి, కాన్పుల భారము వేస్తే, ఎముకలు ఎక్కడి నుండి వస్తాయి?

నీటిలోని శత్రువు

మన ప్రాంతపు ఎముకలను గూర్చి చెప్పుకుంటూ ఫ్లోరైడును విడువకూడదు. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన తోటివారు నాటి మదరాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో నడుము, మెడ బిగుసుకుపోయిన పల్లె జనమును పరీక్షించి, బావి నీటిలోని ఫ్లోరైడు దానికి కారణమని వ్రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు ఇందుకు పేరుబడ్డాయి. అవి తరువాత 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరాయి. నల్లగొండ జిల్లా దుఃఖము అందరికి తెలిసినదే. అక్కడ పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగిపోవడము గూర్చి జాతీయ పోషకాహార సంస్థవారు 1973లో ప్రకటించారు.

ఫ్లోరైడు ఎందుకు ఇంత కీడు చేస్తుంది? ఎముక ప్రాణముతో ఉండి, నీటి నుండి తీసుకుంటుంది గనుకనే. అది సున్నములో కలిసి ఎముకను గట్టిగా కనిపించే పెళుసుదిగా మారుస్తుంది. కీళ్ళ చుట్టూ ఉన్న నరాల వంటి పట్టీలు కూడా ఎముకవలె బిగుసుకుంటాయి. ఒకసారి వంగిన ఎముక మరల చక్కబడడము కష్టము. నీటిని కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైన కొలది ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండడము మంచిది, 1.5 దాటితే త్రాగరాదు. నాగపూరులోని పరిశోధకులు పటిక, సున్నముతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని 1970లలో రూపొందించారు, దానికి నల్లగొండ పద్ధతి అనియే పేరు. 2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా ఆ పల్లెలకు నది నీరు వచ్చింది. బోరు నీరు త్రాగేవారు మాత్రము దానిని పరీక్ష చేయించుకోవాలి. పిల్లల పళ్ళ మీద సుద్ద మచ్చలు, గోధుమ రంగు చారలు మొదటి హెచ్చరిక కావచ్చు.

విరిగినప్పుడు

ఇప్పుడు ఆ పిల్లవాని చేతి దగ్గరకు తిరిగి వస్తాను. ఎముక విరిగిన చోట మొదట రక్తము గడ్డకడుతుంది. కొద్ది రోజులలో అక్కడికి క్రొత్త రక్తనాళములు ప్రాకుతాయి. రెండు మూడు వారములకు మెత్తని అతుకు, ఆ తరువాత గట్టి అతుకు ఏర్పడుతుంది. నెలలు గడిచేకొద్దీ దానిని శరీరమే చెక్కి సరిచేస్తుంది. పిల్లలలో కొన్నిసార్లు విరిగిన గుర్తు కూడా మిగలదు. చూశారా! ఎముకను అతికించేది కట్టు కాదు, రక్తము. కట్టు చేసేదల్లా ముక్కలు కదలకుండా కాపాడడమే. రక్తము పోకుండా బిగిస్తే, అతుకు సంగతి దేవుడెరుగు, క్రిందనున్న కండ కొన్ని గంటలలోనే చచ్చిపోతుంది. ఆరు గంటలు దాటితే చెయ్యి దక్కడము కష్టము.

కాబట్టి ఈ కొద్ది మాటలు గుర్తు పెట్టుకోండి.

ఎవరైనా పడి, చెయ్యి కాలు వాచి, వంకరపోయి, కదపలేకపోతే, లాగవద్దు, మర్దన చేయవద్దు. గాజులు, ఉంగరములు, కడియములు వెంటనే తీసివేయండి, వాపు పెరిగితే రావు. ఉన్నది ఉన్నట్టుగా చెక్క స్కేలో, మడిచిన వార్తాపత్రికలో ఆనించి వదులుగా కట్టి, కండువాతో మెడకు వ్రేలాడదీయండి. గాయము నుండి ఎముక కనబడితే శుభ్రమైన గుడ్డ కప్పండి, లోపలికి నెట్టవద్దు. 108కి ఫోను చేయండి. ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికే తీసుకువెళ్ళండి.

కట్టు ఎవరు కట్టినా, అది పట్నపు డాక్టరు వేసిన సిమెంటు కట్టే అయినా, వ్రేళ్ళ కొనలు బయటికి కనబడాలి. గోరు నొక్కి వదిలితే రెండు సెకండ్లలో తిరిగి ఎర్రబడాలి. వ్రేళ్ళు చల్లబడినా, నీలిరంగుకు తిరిగినా, తిమ్మిరెక్కినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా, వ్రేళ్ళు మెల్లగా చాపితే బిడ్డ కేకవేసినా, కట్టు వదులు చేయండి. సిమెంటు కట్టయితే ఆ గంటలోనే ఆసుపత్రికి పరుగెత్తండి. అర్ధరాత్రి అయినా తెల్లవారనీ అనవద్దు.

ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై, ఎడమ చేతితో వ్రాయడము నేర్చుకొని, డిగ్రీ చదివి ఉద్యోగము చేసుకుంటున్నాడు. క్రిందటి ఏడాది వాడి కొడుకు మొదటి పుట్టినరోజుకు నన్ను పిలిచాడు. బిడ్డను ఎత్తుకోమని ఒక్క చేతితోనే నా చేతులలో పెట్టాడు. వాడు ఎన్నడూ నన్ను నిందించలేదు. ఆ రోజు నేనే వాడితో, "నాయనా, ఆనాడు నీ మాట వినవలసినది, వినలేదు" అన్నాను. వాడు కాసేపు ఊరుకొని, "ఇకముందు ఎవరైనా పిల్లవాడు ఏడిస్తే వినండి అయ్యగారూ" అన్నాడు.

చదువరులారా, నేను మీతో చెప్పదలచినదీ అదే. కట్టులోపల ఉన్నది ఎండు కర్ర కాదు, ప్రాణమున్న ఎముక. అది నొప్పి ద్వారా మాట్లాడుతుంది. బిడ్డ నొప్పి అన్నప్పుడు ఓర్చుకోమని చెప్పకముందు, ఒక్కసారి వాడి వ్రేళ్ళు పట్టి చూడండి.